మందు తాగిన తర్వాత పేగులు కోలుకోవాలంటే: పెరుగు, మజ్జిగ, ప్రోబయోటిక్ ఎలా వాడాలి

ఫంక్షన్ అయిన మర్నాడు పొద్దున చాలా ఇళ్లలో కనిపించేదే ఇది. కడుపు ఉబ్బరం, నోరు చేదు, రెండు మూడుసార్లు పల్చగా మోషన్. ఇంట్లో పెద్దవాళ్లు గ్లాసుడు మజ్జిగ చేతికిస్తారు. మెడికల్ షాపులో అడిగితే "మంచి బ్యాక్టీరియా" క్యాప్సూల్, అంటే ప్రోబయోటిక్, ఇస్తారు. రెండూ పనికొచ్చేవే. కాకపోతే ఎప్పుడు, ఎలా తీసుకోవాలో తెలియాలి. ఎక్కడ పనిచేయవో అంతకంటే ముందు తెలియాలి.

అందుకే అసలు విషయం మొదటే చెబుతున్నాను. ఏ ప్రోబయోటిక్కూ మద్యం చేసిన నష్టాన్ని చెరిపేయదు. పేగులు వాటంతటవి కోలుకుంటున్నప్పుడు సాయం మాత్రమే చేస్తుంది. ఆ కోలుకునే సమయం మీరు ఇస్తేనే సాయానికి అర్థం ఉంటుంది. ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. "పెరుగు తింటున్నాను కదా, పర్లేదు" అనుకుని ఇంకో పెగ్గు పోసుకోవడానికి కింద చెప్పినవేవీ పనికిరావు.

ముందుగా, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

తాగిన ఆల్కహాల్‌లో కొంత జీర్ణాశయంలో, ఎక్కువ భాగం చిన్నపేగులో రక్తంలోకి వెళ్లిపోతుంది. లివర్ దాన్ని మొదట అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా, ఆ తర్వాత పెద్దగా హాని లేని అసిటేట్‌గా మారుస్తుంది. రక్తంలో తిరిగే ఆల్కహాల్ పెద్దపేగుకు కూడా చేరుతుంది. అక్కడుండే బ్యాక్టీరియా కూడా దాన్ని అసిటాల్డిహైడ్‌గా మారుస్తాయి. కానీ ఆ విషాన్ని తర్వాతి దశకు తీసుకెళ్లే సామర్థ్యం పేగుల్లో తక్కువ. దాంతో అది అక్కడే పేరుకుంటుంది.

పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. కణానికీ కణానికీ మధ్య ఉండే ప్రొటీన్లు, గోడలో ఇటుకల మధ్య సిమెంటులాగా, వాటిని దగ్గరగా పట్టి ఉంచుతాయి. అసిటాల్డిహైడ్ ఆ పట్టును వదులు చేస్తుంది. అప్పుడు పేగులో ఉండాల్సిన బ్యాక్టీరియా ముక్కలు, ముఖ్యంగా ఎండోటాక్సిన్, రక్తంలోకి జారి నేరుగా లివర్‌కు చేరతాయి. అక్కడి రక్షక కణాలు శత్రువు వచ్చిందనుకుని వాపు మొదలుపెడతాయి.

ఇది ఏళ్ల తరబడి తాగేవాళ్లకే జరిగేది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాల పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 25 మంది ఆరోగ్యవంతులకు ఒకేసారి ఎక్కువ మోతాదులో ఆల్కహాల్ ఇచ్చి చూశారు. ఆ ఒక్కసారికే వాళ్ల రక్తంలో ఎండోటాక్సిన్ పెరిగింది, బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా కనిపించింది. 2015లో వచ్చిన మరో చిన్న అధ్యయనంలో 15 మంది యువతకు నాలుగైదు షాట్ల వోడ్కా ఇచ్చారు. మొదటి 20 నిమిషాల్లో రోగనిరోధక వ్యవస్థ హడావుడిగా స్పందించింది. 2 గంటలు, 5 గంటలు గడిచేసరికి మాత్రం మోనోసైట్లు, నేచురల్ కిల్లర్ కణాలు అనే రక్షక కణాలు మామూలు కంటే తగ్గాయి. పార్టీ తర్వాత జలుబో గొంతునొప్పో పట్టుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక మంచి బ్యాక్టీరియా చేసే పని ఏమిటంటే, లాక్టోబాసిల్లస్, బైఫిడోబ్యాక్టీరియం లాంటివి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి హానికర బ్యాక్టీరియాకు చోటు లేకుండా చేస్తాయి. కణాల మధ్య వదులైన పట్టు తిరిగి బిగుసుకోవడానికి తోడ్పడతాయి. పీచు తిని బతికే మరికొన్ని బ్యాక్టీరియా బ్యూటిరేట్ అనే పదార్థాన్ని ఇస్తాయి. పెద్దపేగు కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. రోజూ తాగేవాళ్లలో తగ్గిపోయేది సరిగ్గా ఈ జాతులే.

రష్యాలోని అర్ఖాంగెల్స్క్‌లో మద్యానికి బానిసై ఆస్పత్రిలో చేరిన 66 మంది మగవాళ్ల మీద చేసిన ప్రయోగ ఫలితాలు 2008లో వచ్చాయి. కొందరికి మామూలు చికిత్స మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లకు దానితోపాటు 5 రోజులు బైఫిడోబ్యాక్టీరియం బైఫిడమ్, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇచ్చారు. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో పేగు బ్యాక్టీరియా తిరిగి పెరిగింది, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే లివర్ ఎంజైములు ఎక్కువగా తగ్గాయి. ఇక్కడ గమనించాల్సింది, వాళ్లంతా ఆస్పత్రిలో మందు మానేసి ఉన్నారు. తాగుతూ క్యాప్సూల్ మింగినవాళ్లు కాదు.

ఆ రాత్రే చేయాల్సినవి

ఎంత తాగుతున్నారో గ్రాముల్లో ఒకసారి లెక్కేసుకోండి. మన దగ్గర దొరికే విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెగ్గు అంటే సుమారు 20 గ్రాములు, క్వార్టర్ అంటే 60. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటే 40 గ్రాములు. "బీరే కదా" అనే మాట ఈ లెక్క ముందు నిలవదు. పేగుకు జరిగే నష్టం సీసా రంగును బట్టి ఉండదు, ఈ గ్రాములను బట్టి, ఎంత వేగంగా లోపలికి వెళ్లాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. మంచింగ్ పేరుతో కారం పల్లీలు, చికెన్ సిక్స్టీఫైవ్ తింటే సరిపోదు. ముందే అన్నం, పప్పు, కూరతో భోజనం చేస్తే ఆల్కహాల్ చిన్నపేగుకు నెమ్మదిగా చేరుతుంది. పెగ్గుకూ పెగ్గుకూ మధ్య గ్లాసు నీళ్లు తాగండి.

ప్రోబయోటిక్ క్యాప్సూల్‌ని మద్యంతో పాటు మింగొద్దు. అమెరికాలో ఉన్న మనవాళ్లు తాగే ముందు వేసుకునే ప్రోబయోటిక్ షాట్ల గురించి అడుగుతుంటారు. జెడ్‌బయోటిక్స్ అనేది అలాంటిదే. అసిటాల్డిహైడ్‌ను విరగ్గొట్టేలా జన్యుమార్పిడి చేసిన బాసిల్లస్ సబ్టిలిస్ అందులో ఉంటుంది. అయితే అది పనిచేయగలిగేది పేగులోనే. లివర్‌లో తయారయ్యే అసిటాల్డిహైడ్‌ను, ఒంట్లోంచి పోయిన నీటిని, చెడిపోయిన నిద్రను అది ఏమీ చేయలేదు. దాన్ని నమ్ముకుని మోతాదు పెంచితే నష్టపోయేది మీరే.

పడుకునే ముందు తలనొప్పి రాకుండా అని పారాసెటమాల్ వేసుకోవడం చాలామందికి అలవాటు. మానేయండి. ఆల్కహాల్‌తో పనిచేస్తున్న లివర్ మీద అది ఇంకో భారం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అయితే అప్పటికే మంటెక్కిన జీర్ణాశయంలో రక్తస్రావం తెచ్చిపెట్టగలవు.

మర్నాడు పొద్దున: ముందు ఉప్పూ నీళ్లూ, తర్వాతే మజ్జిగ

లేవగానే కాఫీ కాదు. మోషన్లు, వాంతులు ఉంటే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కొని, దాని మీద రాసినంత నీటిలో, సాధారణంగా లీటరులో, కలిపి గుక్క గుక్కగా తాగండి. పొడి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరుతోనే అమ్మిన తీపి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది. ఎక్కువ చక్కెర ఉన్న డ్రింకు పల్చటి మోషన్‌ను ఇంకా పెంచుతుంది. అందుకే ఈ తేడా పెద్దవాళ్లకూ ముఖ్యమే.

వాంతి ఆగిన గంట తర్వాత మజ్జిగ మొదలుపెట్టండి. ఒక వంతు పెరుగుకు మూడు నాలుగు వంతుల నీళ్లు పోసి బాగా చిలకండి. చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, కొద్దిగా దంచిన అల్లం, రెండు కరివేపాకులు వేయండి. ఆ ఒక్క రోజుకి పచ్చిమిర్చి వద్దు. తాలింపు కావాలంటే గరిటెలో వేసి, చల్లారాక కలపండి.

మజ్జిగ పులుసు, మజ్జిగ చారు రుచికి మంచివే కానీ ఈ పనికి కాదు. కాగితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ, దోసెలదీ అదే సంగతి. పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా పుష్కలంగా ఉంటుంది, ఆవిరి పట్టాక బతికి ఉండదు. అయినా పులిసిన ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది కాబట్టి ఆ పూట టిఫిన్‌కి అదే మేలు. పాలు మాత్రం ఒకటి రెండు రోజులు తగ్గించండి. దెబ్బతిన్న పేగు పాలలోని లాక్టోజ్‌ను సరిగా అరిగించలేక గ్యాస్ పెరుగుతుంది. పెరుగులో ఆ లాక్టోజ్‌ను బ్యాక్టీరియా కొంతవరకు ముందే తినేసి ఉంటుంది.

పెరుగు ఇంట్లోనే తోడు వేసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే అన్నిటికంటే చవగ్గా, రోజూ చేయగలిగింది ఇదే.

అర లీటరు పాలు పొంగు వచ్చాక సన్న మంట మీద మరో ఐదారు నిమిషాలు కాగనిచ్చి దించండి. చిటికెన వేలు పెట్టి పది లెక్కపెట్టేదాకా ఉంచగలగాలి, అయినా వేడి తెలుస్తుండాలి. అది 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నట్టు. అంతకంటే వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చస్తుంది, పాలు సాగుతున్నట్టు అవుతాయి లేదా తోడుకోవు. చల్లారిపోతే తోడుకోవడానికి రాత్రంతా పడుతుంది. ఒక చెంచా పెరుగును ముందు కొద్దిపాటి పాలలో గిలకొట్టి, దాన్ని మొత్తంలో కలపండి. మూత పెట్టాక గిన్నె కదిలించొద్దు. ఎండాకాలం 4, 5 గంటలు, చలికాలం 8 నుంచి 10 గంటలు పడుతుంది. చలికి గిన్నెను దుప్పటిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టే పద్ధతి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

గిన్నె వంచితే పెరుగు ముద్దగా కదలాలి, చెంచాతో తీస్తే అంచు తెగినట్టు రావాలి. పైన తేరిన పసుపుపచ్చ నీళ్లు పారబోయొద్దు, అది మంచిదే. గులాబీ, నారింజ, ఆకుపచ్చ మచ్చలు కనిపించినా, చెడిన వాసన వచ్చినా మొత్తం పారేయండి, పైపైన తీసేసి తినొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి.

బయట దేశాల్లో ఉండేవాళ్లు సూపర్ మార్కెట్‌లో చక్కెర, ఫ్లేవర్ లేని యోగర్ట్ తీసుకుని, డబ్బా మీద "లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్" అని ఉంటే దాన్నే తోడుగా వాడొచ్చు. తయారయ్యాక వేడి చేసి నిల్వకు పెట్టిన రకాల్లో బతికున్న బ్యాక్టీరియా ఉండదు, వాటితో పాలు తోడుకోవు కూడా.

ఒక్క మాట. ఇంటి పెరుగులో ఏ జాతి బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరూ లెక్కపెట్టరు. తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేస్తాయని తేలిన సజీవ సూక్ష్మజీవులనే ప్రోబయోటిక్ అనాలని ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్ణయించారు. ఆ లెక్కన ఇంటి పెరుగు కచ్చితమైన ప్రోబయోటిక్ కాదు. కానీ అది రోజూ కడుపుకు హాయినిచ్చే తిండి. రోజుకు రెండు కప్పులు, ఏ లేబులూ లేకుండా, నిశ్చింతగా తినండి.

చద్దన్నం జాగ్రత్తగా పెట్టండి

రాత్రి అన్నం మిగిలితే, వండిన గంటలోపే వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి, మట్టి కుండలోనో స్టీలు గిన్నెలోనో వేసి మునిగేదాకా నీళ్లు పోయండి. ఒక చెంచా పెరుగు కలపండి. అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాంతులు తెస్తుంది. పెరుగు కలిపితే అన్నం త్వరగా పులిసి దాన్ని అడ్డుకుంటుంది. ఎండాకాలం రాత్రి 10కి పెడితే పొద్దున 7కల్లా తినేయండి, మధ్యాహ్నం దాకా ఉంచొద్దు.

ఉప్పు వేసి పిసికి, పచ్చి ఉల్లిపాయ నంజుకుని తినండి. ఉల్లిలోని ఫ్రక్టాన్ అనే పీచు, చల్లారిన అన్నంలోని అరగని పిండి, రెండూ పెద్దపేగు బ్యాక్టీరియాకు నేరుగా తిండి అవుతాయి. ఆవకాయ కారం ఆ రోజుకు పక్కన పెట్టండి. నూనె, ఉప్పు, ఆవపిండితో నిల్వ ఉండే ఆవకాయను ప్రోబయోటిక్‌గా లెక్కపెట్టుకోవద్దు.

కల్లు సంగతేమిటని చాలామంది అడుగుతారు. తాజా కల్లులో ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా ఉండే మాట నిజం. కానీ ఆల్కహాల్ కూడా ఉంటుంది, గంట గంటకూ పెరుగుతుంది. పేగుకు మేలు కోసం తాగేది కాదు. పైగా తెలంగాణలో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు తీరని సమస్య. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో అలాంటి కల్లు తాగి పలువురు చనిపోయారు.

తర్వాతి వారాల్లో బ్యాక్టీరియాకు తిండి పెట్టండి

తిన్న మంచి బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టేయదు. ఆపిన కొన్ని రోజులకే చాలావరకు బయటికి పోతుంది. మీలో ముందునుంచీ ఉన్న బ్యాక్టీరియాను పెంచేది పీచు. జొన్న రొట్టె, రాగి సంగటి, కందిపప్పు, పెసలు, తోటకూర, బెండకాయ, వెల్లుల్లి, అరటిపండు, జామకాయ చాలు. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బుతుంది. మొదటి మూడు రోజులు ఒక పూట, తర్వాత రెండు పూటలు అన్నట్టు పెంచండి.

ఈ వారాల్లో మందు ముట్టొద్దు. బెల్జియం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనం మద్యం మాన్పించే చికిత్సలో ఉన్నవాళ్ల మీద చేసింది. మొదట్లో పేగు పొర బాగా వదులైనవాళ్లకు, 3 వారాలు మానేశాక కూడా, మిగతావాళ్ల కంటే దిగులు, ఆందోళన, తాగాలన్న కోరిక ఎక్కువగా ఉన్నాయి. వారం రోజులకే "మళ్లీ లాగుతోంది" అనిపిస్తే దాన్ని మనసు బలహీనత అని మాత్రమే తీసేయకండి. ఒంట్లో ఇంకా జరుగుతున్నది ఉంది.

క్యాప్సూల్ కొనాలంటే

నెలకు ఒకసారి తాగి, మర్నాటికి కోలుకునేవాళ్లకు క్యాప్సూల్ అవసరం లేదు, పెరుగు చాలు. మోషన్లు ఆగకపోతే, యాంటీబయాటిక్ వాడాల్సి వస్తే, తాగడం మాన్పే చికిత్సలో డాక్టర్ చెబితే అప్పుడు చూడండి.

లేబుల్ మీద జాతి పేరు పూర్తిగా, ఆ జాతిలో ఏ రకమో చెప్పే చివరి స్ట్రెయిన్ కోడ్‌తో సహా ఉండాలి, ఉదాహరణకు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ. "ప్రోబయోటిక్ మిశ్రమం" అని మాత్రమే ఉంటే వదిలేయండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులు ఉండాలి. ఆ సంఖ్య తయారైన రోజుదా, గడువు తీరే రోజుదా అన్నది కూడా చూడండి. ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉన్నది షాపు అరలో బయటే కనిపిస్తే కొనొద్దు. పొడి ప్యాకెట్‌ను వేడి పాలలో, టీలో కలపొద్దు.

యాంటీబయాటిక్ వాడుతుంటే బ్యాక్టీరియా క్యాప్సూల్‌కు దానికీ మధ్య కనీసం 2 గంటల ఎడం ఉంచండి. శాకరోమైసెస్ బౌలార్డీ అనే ప్రోబయోటిక్ బ్యాక్టీరియా కాదు, ఈస్టు కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు. రెండు మూడు వారాలు వాడి తేడా లేకపోతే ఆపేయండి, బ్రాండ్లు మారుస్తూ డబ్బు తగలేయొద్దు.

మోషన్స్ అనగానే మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర కొని వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. మందు తాగాక అది వద్దు. ఒళ్లంతా ఎర్రబడటం, గుండె దడ, విపరీతమైన వాంతులు రావచ్చని దాని లేబుల్ మీదే హెచ్చరిక ఉంటుంది. పైగా మద్యం వల్ల వచ్చిన విరేచనానికి అది మందే కాదు, మిగిలిన మంచి బ్యాక్టీరియాను కూడా తుడిచేస్తుంది.

ఇవేవీ చేయకుండా ఆస్పత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

పై కడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు ఉంటే అది పాంక్రియాటైటిస్, అంటే క్లోమ గ్రంథి వాపు, కావచ్చు. ఆల్కహాల్ దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. ఆ స్థితిలో ప్రోబయోటిక్ ప్రమాదం కూడా కావచ్చు. నెదర్లాండ్స్‌లో 2008లో వచ్చిన పెద్ద ప్రయోగంలో, తీవ్ర పాంక్రియాటైటిస్ రోగుల్లో ప్రోబయోటిక్ ఇచ్చిన గుంపులో 16 శాతం మంది, ఇవ్వని గుంపులో 6 శాతం మంది చనిపోయారు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, మెడ నరంలో కాథెటర్ ఉన్నవాళ్లు కూడా డాక్టర్ చెప్పకుండా క్యాప్సూల్ వేసుకోకూడదు. రక్తపు వాంతి, నల్లటి మోషన్, కళ్లు పచ్చబడటం, పొట్టలో నీరు చేరడం ఇంట్లో చూసుకునేవి కావు.

రోజూ తాగేవాళ్లు ఇది చదివి రేపటి నుంచి ఒక్కసారిగా మానేయొద్దు. చివరి పెగ్గు తర్వాత 6, 8 గంటల్లో చేతులు వణకడం మొదలై, రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం దాకా వెళ్లొచ్చు. డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. మద్యం, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో చికిత్స దొరుకుతుంది. డాక్టర్ దగ్గర "అప్పుడప్పుడు" అనకుండా రోజుకు ఎన్ని పెగ్గులు, ఎన్నేళ్లుగా అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. వాడుతున్న క్యాప్సూల్ స్ట్రిప్, వేసుకున్న మాత్రలు కవర్లో వేసుకుని వెంట తీసుకెళ్లండి.